మానవ శిరస్సు చిత్రణలో పర్‌స్పెక్టివ్

మనిషి తల ఏ కోణంలో ఉన్నా, దాని నిండుదనం చదునైన కాగితం మీద సరిగా తెలిసేలా గీయడం చిత్రకళా శిక్షణలో ఒక ప్రత్యేక పాఠ్యాంశం. ఇందులో రెండు వేర్వేరు సంగతులు కలిసి ఉన్నాయి. తల పక్కకు తిరిగినా, కిందికి వంగినా, పైకి లేచినా దాని భాగాలు అసలు కొలత కంటే కురచగా కనిపిస్తాయి. దీన్ని ఫోర్‌షార్టెనింగ్ అంటారు. కంటికి దగ్గరున్న భాగం పెద్దదిగానూ, దూరంగా ఉన్నది చిన్నదిగానూ కనిపించడం రెండోది. రైలు పట్టాలు దూరాన కలిసిపోతున్నట్టు కనిపించేది ఈ రెండో కారణం వల్లే. రెండింటినీ పర్‌స్పెక్టివ్ అనే ఒకే మాటతో చెప్పడం వాడుకలో ఉంది. నేర్చుకునేవారి తికమకకు చాలావరకు మూలం అదే. మామూలుగా బొమ్మ గీయించుకునే దూరంలో తల ఆకారాన్ని నిర్ణయించేది ఫోర్‌షార్టెనింగ్, రెండోదాని ప్రభావం స్వల్పం (చూ. దూరం ప్రభావం).

పరిభాష

చూసేవారి కళ్ళ ఎత్తులో ఊహించుకునే అడ్డగీత కంటిమట్టం. ఆరుబయట ఇది దిగంత రేఖతో కలుస్తుంది. ఒకదానికొకటి సమాంతరంగా ఉండి లోపలికి సాగే గీతలన్నీ బొమ్మలో చేరుకునే చోటు వానిషింగ్ పాయింట్. తలకు సంబంధించి మరికొన్ని గీతలు అవసరమవుతాయి. పాపిడి మొదలు నొసలు, ముక్కు, పెదవుల మధ్యగా గడ్డం దాకా దిగేది మధ్యరేఖ. కనుబొమలు, కళ్ళు, ముక్కు అడుగు, నోరు, వీటి మీదుగా తల చుట్టూ తిరిగేవి అడ్డరేఖలు. తల నిటారుగా, ఎదురుగా ఉన్నప్పుడు మాత్రమే ఇవి తిన్నని గీతలుగా కనిపిస్తాయి. తల తిరిగినా, వంగినా వీటిలో కొన్నో, అన్నీనో కుండ చుట్టూ కట్టిన దారంలా వంపు తిరుగుతాయి.

చూపుకు ఎదురుగా ఉన్న తలను ఎదురుముఖం, ఒక కన్నే కనిపించేలా పూర్తిగా పక్కకు తిరిగినదాన్ని పక్కముఖం లేదా ప్రొఫైల్, ఈ రెంటి నడుమ ఉండేదాన్ని ముప్పావు ముఖం అంటారు. ముప్పావు అన్నది లెక్క ప్రకారం పెట్టిన పేరు కాదు. సుమారు 30 నుంచి 60 డిగ్రీల వరకు తిరిగిన తలలన్నీ ఈ పేరు కిందికే వస్తాయి.

తల నిర్మాణం, కొలతలు

కపాలంలో 22 ఎముకలు ఉంటాయి. మెదడును కప్పి ఉండేవి 8, ముఖానివి 14. వీటిలో కింది దవడ ఒక్కటే కదులుతుంది. చిత్రకారుడి లెక్కలో తల రెండు ముద్దల కలయిక: వెనక్కి సాగిన కోడిగుడ్డు ఆకారపు మెదడు గూడు, దానికి ముందువైపు కిందుగా అతుక్కున్న ముఖభాగం. రెండోది మొదటిదాని కంటే చిన్నది. నేర్చుకునేవారు కళ్ళు, ముక్కు, నోటి మీదే దృష్టి పెట్టి మెదడు గూడును కుదించేయడానికి కారణం ఈ నిష్పత్తి మనసుకు ఎక్కకపోవడమే.

పెద్దవారి తల గడ్డం నుంచి మాడు వరకు సుమారు 22 సెంటీమీటర్ల ఎత్తు, చెవుల మీదుగా సుమారు 15 సెంటీమీటర్ల వెడల్పు, నొసటి నుంచి పెడతల వరకు సుమారు 19 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అంటే ఎదురు నుంచి చూస్తే వెడల్పు ఎత్తులో మూడింట రెండు వంతులు. పక్క నుంచి చూస్తే ఎత్తుకు కొంచెమే తక్కువ. కళ్ళు తల ఎత్తుకు సరిగ్గా సగంలో ఉంటాయి. జుట్టు మొదలు నుంచి కనుబొమల దాకా, అక్కడి నుంచి ముక్కు అడుగు దాకా, అక్కడి నుంచి గడ్డం దాకా ముఖం మూడు సమభాగాలు. నోటి గీత మూడో భాగంలో పైనుంచి మూడో వంతు దగ్గర పడుతుంది. కళ్ళ మట్టంలో ముఖం వెడల్పును ఐదు కళ్ళ వెడల్పుగా చెప్పడం ఆనవాయితీ. చెవి పైఅంచు కనుబొమ మట్టంలో, తమ్మె ముక్కు అడుగు మట్టంలో ఉంటాయి. పక్క నుంచి చూసినప్పుడు చెవి తల మధ్యగీతకు వెనకవైపు మొదలవుతుంది. ఇవన్నీ సగటు కొలతలే. ఎవరి తలా వీటికి అచ్చంగా సరిపోదు. ఎంత తేడా ఉందో కనిపెట్టడానికి ఇవి పనికొస్తాయి, పోలిక తెచ్చేది ఆ తేడాయే.

పిల్లల తలకు ఈ లెక్క వర్తించదు. నవజాత శిశువులో ముఖభాగం మెదడు గూడులో సుమారు ఎనిమిదో వంతే. పెద్దయ్యేసరికి అది దాదాపు సగానికి చేరుతుంది. అందుకే పసిపిల్లల కళ్ళు తల మధ్యగీతకు బాగా దిగువన ఉంటాయి. పెద్దవారి నిష్పత్తిలో గీసిన శిశువు పొట్టి మనిషిలా కనిపిస్తాడు.

తల కదలికలకు ఆధారం మెడ పైభాగంలోని రెండు కీళ్ళు. కపాలానికీ మొదటి వెన్నుపూసకూ మధ్య ఉన్న కీలు తలను ముందుకూ వెనక్కూ ఊపుతుంది. మొదటి, రెండో పూసల మధ్య ఉన్నది పక్కకు తిప్పుతుంది. మెడ నిలువు స్తంభంలా ఉండదు. భుజాల నుంచి ముందుకు వాలి తలను మోస్తుంది. ఈ వాలు గీయకపోతే తల ఎంత బాగా కుదిరినా భుజాల మీద అతికించినట్టే ఉంటుంది.

చరిత్ర

పర్‌స్పెక్టివ్‌కు ముందు

ప్రాచీన ఈజిప్టు చిత్రాల్లో తల పక్కముఖంగా, కన్ను మాత్రం ఎదురుముఖంలో ఉన్నట్టు నిండుగా ఉంటుంది. గ్రీకు కుండల మీద క్రీస్తుపూర్వం 500 ప్రాంతం నుంచి ఒళ్ళు తిప్పిన మనుషుల్ని గీసే ప్రయత్నాలు కనిపిస్తాయి. రోమన్ పాలనలోని ఈజిప్టులో మమ్మీల మీద అమర్చిన ఫయ్యూమ్ చిత్రాలు క్రీస్తుశకం 1 నుంచి 3వ శతాబ్దాల నాటివి. వాటిలో ముప్పావు ముఖం, ఒకవైపు నుంచి పడే వెలుగు, దూరపు చెంప కురచదనం అన్నీ స్పష్టంగా ఉన్నాయి. గణిత సూత్రం లేకుండానే, కేవలం చూపుతో ఇది సాధ్యమని వాటిని బట్టి తెలుస్తుంది.

భారతీయ శాస్త్రాలు: స్థానాలు, క్షయవృద్ధి

విష్ణుధర్మోత్తర పురాణం మూడో ఖండంలో 35 నుంచి 43 వరకు ఉన్న అధ్యాయాలను చిత్రసూత్రం అంటారు. స్టెల్లా క్రామ్రిష్ ఆంగ్లానువాదం 1924లో వెలువడ్డాక ఇది ఆధునిక పాఠకులకు విస్తృతంగా పరిచయమైంది. ఇందులో ముఖం ఎత్తు 12 అంగుళాలు (వేలి వెడల్పు కొలత, ఇంచి కాదు). నొసలు, ముక్కు, గడ్డం ఒక్కొక్కటి 4 అంగుళాలు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ కూడా ముఖాన్ని ఇలాగే మూడు భాగాలు చేశాడు.

కొలతల కంటే విశేషమైనది స్థానాల వర్గీకరణ. శరీరాన్ని, దాంతోపాటు తలను, చూపించదగిన తొమ్మిది స్థితులను చిత్రసూత్రం పేరుపెట్టి చెబుతుంది: రుజ్వాగతం, అనృజు, సాచీకృతం, అర్ధవిలోచనం, పార్శ్వాగతం, పరావృత్తం, పృష్ఠాగతం, పరివృత్తం, సమానతం. ఎదురుముఖం నుంచి వీపు కనిపించే స్థితి దాకా ఉన్న మలుపులు ఇందులో ఇమిడి ఉన్నాయి. ఒక స్థితి నుంచి మరోదానికి మారినప్పుడు కొన్ని భాగాలు తగ్గి, కొన్ని పెరుగుతాయి. ఈ మార్పుకు శాస్త్రం పెట్టిన పేరు క్షయవృద్ధి. ఫోర్‌షార్టెనింగ్ చెప్పేదీ ఈ విషయమే. అయితే ఇటాలియన్ పద్ధతిలో (చూ. ఇటలీ, 15వ శతాబ్దం) లాగా ఒకే కన్ను, ఒకే చోటు అనే షరతు ఇక్కడ లేదు. కోణాన్ని లెక్కగట్టే విధానమూ లేదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలోనూ చిత్రలేఖనం, స్థానాల ప్రస్తావన ఉంది.

ఆచరణలో క్షయవృద్ధికి మేలైన ఉదాహరణ అజంతా ఒకటో గుహలోని పద్మపాణి బోధిసత్వుడి చిత్రం. తల ఒకేసారి పక్కకు తిరిగి, కిందికి వంగి, భుజం వైపు ఒరిగి ఉంటుంది. కనుబొమలు, కనురెప్పలు, పెదవుల వంపులన్నీ ఆ ఒరుగుకు లోబడే సాగుతాయి. 12వ శతాబ్దం తర్వాతి పశ్చిమ భారత జైన తాళపత్ర, కాగితపు గ్రంథాల్లో దారి మారింది. అక్కడ ముప్పావు ముఖంలో దూరపు కన్ను చెంప గీతను దాటి బయటికి పొడుచుకొస్తుంది. దాన్ని లోపం అనడం కంటే ఒక శైలి అనడం సబబు. కన్ను పూర్తిగా కనిపించాలన్న నియమం అక్కడ ఘనత్వం కంటే ముఖ్యమైంది.

ఇటలీ, 15వ శతాబ్దం

ఫ్లారెన్స్‌లో ఫిలిప్పో బ్రూనెలెస్కీ కట్టడాల మీద చేసిన ప్రయోగాలతో గణిత పర్‌స్పెక్టివ్ మొదలైంది. లియాన్ బాటిస్టా ఆల్బెర్టీ 1435లో రాసిన గ్రంథంలో దానికి సిద్ధాంత రూపం ఇచ్చాడు. గళ్ళు పన్నిన పలుచని తెరను కంటికీ వస్తువుకూ మధ్య నిలిపి గీయడం అందులో చెప్పిన ఉపాయాల్లో ఒకటి. అయితే పరిచిన నేల, గోడ, స్తంభాల వరుసకు సులువుగా పనిచేసిన సూత్రం తలకు వెంటనే అందలేదు. తలలో సరళరేఖలు లేవు. వానిషింగ్ పాయింట్ వైపు పోవడానికి దానికి అంచులే లేవు.

ఈ చిక్కును పట్టించుకున్నవాడు పియెరో దెల్లా ఫ్రాంచెస్కా. చిత్రకారుల పర్‌స్పెక్టివ్ గురించి ఆయన రాసిన గ్రంథం మూడో భాగంలో తలను పూర్తిగా లెక్కతో గీసే విధానం ఉంది. ముందుగా తల ఎదురు, పక్క చిత్రాలు కొలతతో గీయాలి. తర్వాత తలను వివిధ ఎత్తుల్లో అడ్డంగా కోసినట్టు ఊహించి, ఒక్కో కోత చుట్టుగీత మీద బిందువులు గుర్తించాలి. ప్రతి బిందువు నుంచి కంటికి ఒక గీత లాగి, అది చిత్రతలాన్ని ఎక్కడ తాకుతుందో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవాలి. గీతలకు సూది, గుర్రపు తోక వెంట్రుక; కొలతలు ఎక్కించుకోవడానికి కాగితపు, చెక్క పట్టీలు వాడమని పియెరో సూచించాడు. చివరికి బిందువులు కలిపితే ఎంత వంగిన తలైనా కళాత్మక ఊహ ఏమీ లేకుండా సిద్ధిస్తుంది. చాలా శ్రమతో కూడిన పని ఇది. పియెరో 1492లో చనిపోయాడు. గ్రంథం మొదటిసారి అచ్చయింది 1899లో. కానీ దాని సారం రాతప్రతుల ద్వారా ముందే వ్యాపించింది.

ఇదే కాలంలో పావ్లో ఉచ్చెల్లో ఫ్లారెన్స్ కెథడ్రల్ గడియారపు ముఖం నాలుగు మూలల్లో నాలుగు తలలను వేర్వేరు కోణాల్లో చిత్రించాడు (1443). ఆంద్రెయా మాంతెన్యా మాంటువా రాజప్రాసాదంలో 1474లో ముగించిన గదిలో కప్పు మధ్య ఆకాశం తెరుచుకున్నట్టు చూపి, అంచు నుంచి కిందికి తొంగిచూసే ముఖాలు గీశాడు. కింది నుంచి చూసిన తలలకు పార్మా కెథడ్రల్ గుమ్మటంలో కొరెజ్జో 1526 నుంచి 1530 వరకు చిత్రించినవి మరో మెట్టు.

డ్యూరర్, జర్మన్ కొలతల గ్రంథాలు

అల్బ్రెక్ట్ డ్యూరర్ 1525లో ప్రచురించిన కొలతల గ్రంథంలో గాజుపలక మీద కూర్చున్న మనిషి బొమ్మ గీస్తున్న చిత్రకారుడి చిత్రం ఉంది. చిత్రకారుడి కన్ను కదలకుండా ఒక గురికి ఆనించి ఉంటుంది. మానవ శరీర నిష్పత్తుల మీద ఆయన రాసిన నాలుగు పుస్తకాలు 1528లో, ఆయన మరణం తర్వాత కొద్ది నెలలకు వెలువడ్డాయి. తలను గళ్ళ చట్రంలో బిగించి ఎదురు, పక్క, పై చిత్రాల మధ్య కొలతలు మార్చడం, చట్రాన్నే వాల్చి తలను వంచడం అందులో కనిపిస్తాయి. నేటి ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో చేసే పని స్వభావం ఇదే. సామాన్య చేతివృత్తుల వారికి ఇది బరువనిపించింది. ఎర్‌హార్డ్ షోన్ 1538లో తెచ్చిన చిన్న పుస్తకం తలలను సూటిగా పెట్టెలుగా మార్చి, వాటిని వరుసగా వేర్వేరు వాలుల్లో చూపింది. తర్వాతి కాలపు పెట్టె పద్ధతికి ఇది తొలి రూపాల్లో ఒకటి (చూ. నిర్మాణ పద్ధతులు).

అకాడమీల నుంచి ముద్రిత పాఠాల వరకు

17, 18, 19వ శతాబ్దాల యూరప్ అకాడమీల్లో విద్యార్థి ముందుగా ముద్రించిన చిత్రాలు, తర్వాత ప్లాస్టర్ తలలు, ఆ తర్వాతే సజీవ మనిషిని గీసేవాడు. షార్ల్ బార్గ్, జాన్ లియాన్ జెరోమ్‌తో కలిసి 1866 నుంచి 1871 వరకు వెలువరించిన అచ్చుపలకలు ఈ క్రమానికి ప్రసిద్ధ నమూనా. రష్యాలో పావెల్ చిస్త్యాకోవ్ తలను తలాలుగా, ఘనంగా నిర్మించుకుంటూ గీయాలని బోధించాడు. చిత్రకారులు రేపిన్, సెరోవ్, వ్రూబెల్ ఆయన శిష్యులు. కొలిచి గీసే పరికరాలూ సమాంతరంగా పెరిగాయి. విలియం వోలాస్టన్ కెమెరా లూసిడాకు 1806లో పేటెంట్ పొందాడు.

20వ శతాబ్దంలో ఈ విద్య పత్రికా చిత్రకారుల చేతికి వచ్చింది. మోడల్ లేకుండా, గడువులోగా, ఏ కోణంలోనైనా తల గీయాల్సిన అవసరం వారిది. న్యూయార్క్ ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో జార్జ్ బ్రిడ్జ్‌మన్ దశాబ్దాల పాటు పెట్టె, పచ్చర ఆకారాలతో బోధించాడు. ఆండ్రూ లూమిస్ 1939లో సరదాగా గీయడం మీద, 1943లో శరీరం మీద, 1956లో తల, చేతుల మీద పుస్తకాలు తెచ్చాడు. బర్న్ హోగార్త్ తల మీద ప్రత్యేక పుస్తకం 1965 నాటిది. శిల్పి జాన్ అసారో 1976లో తయారుచేసిన, తలాలుగా చెక్కిన తల నమూనా నేటికీ స్టూడియోల్లో కనిపిస్తుంది.

తల తిరిగినప్పుడు

ముఖాన్ని నిలువు స్తంభంగా, దాని సగం వెడల్పును 1గా ఊహించుకుంటే లెక్క సులువు. కళ్ళు మధ్యరేఖకు ఇరువైపులా 25 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. ఎదురుముఖంలో మధ్యరేఖ నుంచి ఒక్కో కంటికి దూరం 0.42. తల 30 డిగ్రీలు తిరిగితే దూరపు కంటికి 0.32, దగ్గరి కంటికి 0.41 అవుతుంది. 45 డిగ్రీల దగ్గర ఇవి 0.23, 0.37. అంటే దూరపు సగం దాదాపు సగానికి కుదించుకుపోయినా దగ్గరి సగం పెద్దగా మారలేదు. ముఖం మొత్తాన్ని సమంగా ఇరుకు చేస్తే తప్పెందుకు వస్తుందో ఈ అంకెలే చెబుతాయి.

ఇది కేవలం వంపు లెక్క. ముక్కు స్తంభం మీద లేదు, దాని ముందుకు పొడుచుకొచ్చి ఉంది. కాబట్టి తిరిగేకొద్దీ అది మధ్యరేఖను దాటి దూరపు చెంప మీదికి పోతుంది, ఒక దశలో దూరపు కంటి లోపలి మూలను మూసేస్తుంది. కళ్ళు ముఖంలో కొంత లోతుకు ఉన్నాయి. అందువల్ల దూరపు కన్ను లెక్క కంటే ఇంకొంత ఎక్కువే దాగుతుంది. చెవి వైపు ఉన్న ఖాళీ చెంప విశాలమవుతుంది. కొత్తవారు ఆ ఖాళీ చూసి భయపడి చెవిని ముందుకు లాగుతారు.

తల వంగినప్పుడు, లేచినప్పుడు

వంచిన తలలో మాడు ఎక్కువగా, ముఖం తక్కువగా కనిపిస్తుంది. అడ్డరేఖలు మధ్యలో కిందికి వంగుతాయి. ముఖంలోని మూడు భాగాలు సమంగా ఉండవు. నొసలు నిడివిగా, గడ్డం కురచగా అవుతుంది. పైకెత్తిన తలలో ఇవన్నీ తారుమారవుతాయి. అడ్డరేఖలు పైకి వంగుతాయి, ముక్కు రంధ్రాలు, దవడ అడుగు కనిపిస్తాయి, నొసలు కురచబడుతుంది.

వంపును పట్టిచ్చేది చెవి. కన్ను ముందు, చెవి దానికి సుమారు 9 సెంటీమీటర్ల వెనక ఉంటుంది. తల 30 డిగ్రీలు వంగితే చెవి కంటితో పోలిస్తే సుమారు 4.5 సెంటీమీటర్లు, అంటే దాదాపు ముక్కు పొడవంత, పైకి లేస్తుంది. నిటారు తలలో ముక్కు అడుగు మట్టంలో ఉండే తమ్మె అప్పుడు కంటి గీత చెంతకు చేరుతుంది. పైకెత్తిన తలలో చెవి అంతే కిందికి దిగి దవడ మూల వైపు జారుతుంది. ముఖం వంచి, చెవిని పాత చోటే ఉంచడం అన్నిటికంటే తరచుగా కనిపించే దోషం.

తల వంగడం, చూసే మట్టం మారడం వేరు కారణాలైనా ఫలితం ఒకటే. మేడ మీద నిటారుగా నిల్చున్న మనిషి తల, చూసేవారి కంటిమట్టానికి 2 మీటర్లు పైన, 2 మీటర్ల దూరంలో ఉంటే, దాన్ని 45 డిగ్రీల కింది నుంచి చూస్తున్నట్టే. ముఖ్యమైనది చూపు గీతకూ తల నిలువు అక్షానికీ మధ్య ఉన్న కోణం. గుంపును గీసేటప్పుడు దీనికి ఒక అనుబంధ సూత్రం ఉంది. సమతలమైన నేల మీద, చిత్రకారుడంత ఎత్తున్న మనుషులు ఎంత దూరంలో నిల్చున్నా వారి కళ్ళన్నీ ఒకే కంటిమట్టం మీద పడతాయి. కూర్చుని గీస్తే ఆ గీత వారందరినీ ఒకే ఎత్తున కోస్తుంది.

దూరం ప్రభావం

ముక్కు కొన నుంచి చెవి రంధ్రం వరకు లోతు సుమారు 12 సెంటీమీటర్లు. కంటికి 50 సెంటీమీటర్ల దూరంలో ముక్కు ఉంటే, చెవి 62 దగ్గర ఉన్నట్టు. అప్పుడు ముక్కుతో పోలిస్తే చెవి సుమారు 19 శాతం చిన్నదిగా కనిపిస్తుంది. అదే తల 2.5 మీటర్ల దూరాన ఉంటే తేడా 5 శాతం లోపే. స్టూడియోలో మోడల్ కూర్చునేది ఇలాంటి దూరంలోనే కాబట్టి తలను గీసేటప్పుడు వానిషింగ్ పాయింట్ల కోసం స్కేలు పట్టుకోవాల్సిన పని చాలా అరుదు. కన్ను, కనుబొమ, నోటి గీతలు ఒకదానికొకటి దాదాపు సమాంతరంగా గీస్తే సరిపోతుంది. కొన్ని పాఠ్యపుస్తకాలు తలను పెట్టెలో బంధించి గీతలను కాగితంలోనే కలిపేస్తాయి. అలా గీసిన తల చేతికందే దూరం నుంచి చూసినట్టు ఉంటుంది.

ఫోటో చూసి గీసేవారికి ఇది అసలైన ప్రమాదం. చేయి చాపి తీసిన సెల్ఫీలో ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. 30 సెంటీమీటర్ల దూరంలో తీసిన ఫోటోలో ముక్కు, ఒకటిన్నర మీటర్ల దూరంలో తీసినదాని కంటే సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో వెలువడిన ఒక వైద్య పరిశోధన లెక్కగట్టింది. తేడా తెచ్చేది లెన్స్ రకం కాదు, దూరం. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ కెమెరాలో ముఖాలకు 85 నుంచి 105 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎంచుకోవడానికి ఒక కారణం, అది ఫోటోగ్రాఫర్‌ను తగినంత వెనక నిలబెడుతుంది.

నిర్మాణ పద్ధతులు

పెట్టె పద్ధతిలో తలను ఆరు ముఖాల పెట్టెగా గీసి, దాని వాలును ముందు తేల్చుకుని, తర్వాత అవయవాలు కూర్చుతారు. దిశ స్పష్టంగా తెలుస్తుంది. గుండ్రదనం మాత్రం విడిగా తెచ్చుకోవాలి.

లూమిస్ పేరుతో ప్రచారంలో ఉన్నది బంతి పద్ధతి. మెదడు గూడుకు ఒక బంతి గీస్తారు. కణతల దగ్గర తల చదునుగా ఉంటుంది కాబట్టి బంతిని రెండువైపులా కోసేస్తారు. తల తిరిగిన మేరకు ఆ కోత వలయం దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది. బంతి నడుము చుట్టూ వేసే గీత కనుబొమల రేఖ. దానికి లంబంగా ముందు నుంచి దిగేది మధ్యరేఖ. కోత వలయాన్ని నాలుగు భాగాలు చేస్తే వెనక కింది భాగంలో చెవి కూర్చుంటుంది. కనుబొమల రేఖ నుంచి వలయం పైఅంచు దాకా ఉన్న దూరం జుట్టు మొదలును, కింది అంచు దాకా ఉన్నది ముక్కు అడుగును ఇస్తుంది. మరో అంతే దూరం దించితే గడ్డం. ఈ పద్ధతి బలమంతా ఆ కోత వలయంలో ఉంది: వంపు, తిప్పు, ఒరుగు మూడింటినీ అదొక్కటే నిర్ణయిస్తుంది. దాన్ని అజాగ్రత్తగా గీసి పైన ఎంత శ్రమపడినా లాభం లేదు.

తలాల పద్ధతిలో నొసలు, కణత, చెంప ఎముక, ముక్కు పక్కలు, దవడలను చదునైన పలకలుగా విడదీస్తారు. వెలుగునీడలు వేయడానికి ఇది అనుకూలం. ఫ్రాంక్ రైలీ బోధించిన లయరేఖల పద్ధతి అవయవాలను కలిపే వంపుల వలను ముందు గీస్తుంది. నిర్మాణం జోలికి పోకుండా చూసి కొలిచే పద్ధతి వేరే పాయ. ఒక కన్ను మూసి, చేయి పూర్తిగా చాపి పెన్సిలుతో నిష్పత్తులు కొలవడం, కొసన బరువు కట్టిన దారంతో నిలువును సరిచూడడం, అవయవాల మధ్య ఖాళీల ఆకారాలను గీయడం ఇందులోవి. ఎదుట ఉన్న మనిషికి ఈ పద్ధతి నమ్మకమైనది. ఎదుట లేని తలను గీయడానికి పనికిరాదు.

అవయవాలు

కన్ను సుమారు 24 మిల్లీమీటర్ల వ్యాసం గల గుడ్డు. రెప్పలు దాని మీద చుట్టిన మందపాటి పట్టీలు. ముప్పావు ముఖంలో దూరపు కంటి బయటి కొస గుడ్డు వంపు వెనక్కి పోతుంది, కనుపాప నిలువు దీర్ఘవృత్తమవుతుంది. ముక్కును ముందు, రెండు పక్కలు, అడుగు అనే నాలుగు తలాల పచ్చరగా తీసుకుంటారు. నోరు చదును ముఖం మీద లేదు. పళ్ళ వరుస వంపు మీద పరుచుకుని ఉంది. అందుకే పక్కకు తిరిగిన తలలో పెదవుల దూరపు సగం ఆశ్చర్యం కలిగించేంత కురచగా ఉంటుంది.

అలంకారాలు ఇక్కడ సాయపడతాయి. పాపిడి, బొట్టు మధ్యరేఖను చూపుతాయి. తలపాగా అంచు, కళ్ళజోడు అడ్డరేఖల వంపును కళ్ళకు కట్టినట్టు చూపుతాయి. కళ్ళజోడు కాడలు కన్నును చెవితో కలుపుతాయి కాబట్టి తల వంపు కోణాన్ని అవి నేరుగా చెప్పేస్తాయి.

సాధన, తరచు దోషాలు

శిక్షణలో సాధారణంగా కపాలం, తర్వాత ప్లాస్టర్ తల, తర్వాత మనిషి అనే క్రమం ఉంటుంది. కోడిగుడ్డు మీద మధ్యరేఖ, కనుబొమల రేఖ గీసి దాన్ని తిప్పుతూ గీయడం ఖర్చులేని అభ్యాసం. ఒకే తలను 15 డిగ్రీల చొప్పున తిప్పి వరుసగా గీస్తే కొలతలు ఎక్కడ వేగంగా, ఎక్కడ నెమ్మదిగా మారతాయో చేతికి తెలుస్తుంది. రెండు అద్దాల మధ్య కూర్చుంటే సొంత తలనే మోడల్‌గా వాడుకోవచ్చు.

కళ్ళను తల పైభాగానికి జరపడం, పెడతలను కోసేయడం మొదటి దశ దోషాలు. బెట్టీ ఎడ్వర్డ్స్ 1979 నాటి పుస్తకంలో ఈ రెండింటినీ ప్రత్యేకంగా చర్చించారు. రెండో దశలో కలగాపులగం కోణాలు వస్తాయి: తల ముప్పావుగా ఉన్నా ముక్కు పక్కముఖంలో, నోరు ఎదురుముఖంలో ఉండడం. ఒక్కో అవయవాన్ని అలవాటైన రూపంలో విడిగా గీయడం దీనికి కారణం. బొమ్మను అద్దంలో తిప్పి చూస్తే ఇలాంటివి వెంటనే బయటపడతాయి.

తెలుగు నాట

లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాల్లో ముఖాలు ప్రధానంగా పక్కముఖంగానో ముప్పావుగానో, గీత ప్రధానంగా ఉంటాయి. ఘనత్వం వాటి లక్ష్యం కాదు. యూరప్ అకాడమీ క్రమం ఇక్కడికి వలసపాలన నాటి కళాశాలల ద్వారా వచ్చింది. మద్రాసు కళాశాల 1850లో, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ 1857లో మొదలయ్యాయి. రాజమండ్రికి చెందిన దామెర్ల రామారావు (1897–1925) జె.జె.లో చదివి, శరీర నిర్మాణ శిక్షణను భారతీయ గీతతో కలిపాడు.

కళాశాలకు బయట మరో సంప్రదాయం ఉండేది. సినిమా బ్యానర్లు, కటౌట్లు గీసేవారు స్టిల్ ఫోటో మీద గళ్ళు గీసి, అవే గళ్ళను పదుల అడుగుల గుడ్డ మీద పెద్దవి చేసి ముఖాలు దించేవారు. గళ్ళు కొలతను తప్పనివ్వవు, కానీ ఫోటోలో ఉన్న కోణాన్ని మార్చలేవు. కోణం మార్చాల్సి వచ్చినప్పుడు పనికొచ్చేది నిర్మాణజ్ఞానమే. 2000 తర్వాత ఫ్లెక్సీ ముద్రణ రావడంతో ఈ వృత్తి దాదాపు కనుమరుగైంది.

నియమాల పరిమితి

శుద్ధ పర్‌స్పెక్టివ్‌ను పెద్ద చిత్రకారులే సడలించారు. మిలాన్ బ్రేరా చిత్రశాలలో ఉన్న మాంతెన్యా చిత్రం క్రీస్తు మృతదేహాన్ని పాదాల వైపు నుంచి చూపుతుంది. లెక్క ప్రకారం పాదాలు చాలా పెద్దవిగా, తల చిన్నదిగా ఉండాలి. మాంతెన్యా పాదాలను తగ్గించి తలను పెంచాడు, లేకపోతే ముఖంలోని భావం పాదాల వెనక మాయమయ్యేది. 20వ శతాబ్దంలో పికాసో ఎదురుముఖాన్నీ పక్కముఖాన్నీ ఒకే తలలో కలిపాడు. వ్యంగ్య చిత్రకారులు కొలతలను ఇష్టానికి సాగదీసినా మధ్యరేఖ, అడ్డరేఖల దిశను మాత్రం సాధారణంగా వదలరు. పోలిక నిలవడానికి అది అవసరం.

యానిమేషన్‌లో ఒకే పాత్ర తలను పలువురు గీస్తారు. అందుకని ఎదురు, ముప్పావు, పక్క, వెనక రూపాలను ఒకే పత్రం మీద గీసి అందరికీ ఇస్తారు. పియెరో అడ్డకోతలు, బిందువులతో చేతితో చేసిన లెక్కను ఇప్పుడు త్రీడీ సాఫ్ట్‌వేర్ క్షణంలో చేస్తుంది. ఉపరితలం మీద బిందువుల వలను తయారుచేసి, ప్రతి బిందువునూ చిత్రతలం మీదికి దించడమే దాని మూలసూత్రం కూడా. కోణం తిప్పి చూసుకోగలిగే తల నమూనాలు ఫోన్లలోనే దొరుకుతున్నాయి. వాటిని చూసి గీసేవారు నమూనా కెమెరా ఎంత దూరంలో అమర్చి ఉందో ముందు సరిచూసుకోవాలి.